ప్రతిపక్షానికీ ఓటరే దిక్కు

చి. స్రవంతికి పెద్దనాన్న ఆశీస్సులు.

పోయిన లోక్‌సభ ఎన్నికల్లో నోటా నొక్కానని, వచ్చేసారి పోలింగ్ బూత్ దాకా కూడా పోనని రాశావు. గెలిచేదెవరో ముందే తెలిసిపోతుంటే, ఎదుటి పక్షానికి నిలదొక్కుకునే సత్తువే లేనప్పుడు, నా ఒక్క ఓటు ఎందుకని అడిగావు. నీ కోపం న్యాయమైనదే బిడ్డా. కానీ ఆ విసుగుతో నువ్వు ఇంట్లో కూర్చుంటే నష్టపోయేది ఆ నాయకులు కాదు.

మన హన్మకొండ సంగతే చూడు. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల నాటికి ఇందిరాగాంధీ హత్య జరిగి రెండు నెలలు కూడా కాలేదు. దేశమంతా సానుభూతి గాలి. రాజీవ్ గాంధీ గెలుపు మీద ఎవరికీ అనుమానం లేదు. 514 స్థానాల్లో 404 కాంగ్రెస్‌కే వచ్చాయి. అయినా మన ఉమ్మడి రాష్ట్రం 42 స్థానాల్లో 30 తెలుగుదేశానికి ఇచ్చింది. హన్మకొండ ఓటర్లు పి.వి. నరసింహారావు అంతటివారిని కాదని చందుపట్ల జంగారెడ్డిని గెలిపించారు. దేశం మొత్తమ్మీద బీజేపీకి దక్కిన రెండు సీట్లలో అదొకటి. ఢిల్లీలో ప్రభుత్వం మారలేదు, నిజమే. కానీ ఆ సభలో కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ తెలుగువాళ్లు పంపినదైంది. ప్రభుత్వాన్ని ఎన్నుకునే ఓటుతోనే దాన్ని ప్రశ్నించేవాళ్లనూ ఎన్నుకుంటాం. ఈ రెండో పనిని మనం లెక్కలోకే తీసుకోం.

ప్రతిపక్ష నేత హోదా దక్కాలంటే సభలో పదో వంతు బలం ఉండాలన్నది ఆనవాయితీ. 30 మందితో తెలుగుదేశానికి అది రాలేదు. 2014లో 44, 2019లో 52 దగ్గర ఆగిపోయిన కాంగ్రెస్‌కూ రాలేదు. పదేళ్లు ఆ స్థానం ఖాళీగా ఉంది. 2024లో 99 మంది గెలిచాకే రాహుల్ గాంధీకి ఆ హోదా వచ్చింది. ఇది పేరుకే ఉండే పదవి కాదు. సీబీఐ డైరెక్టర్‌ను, కేంద్ర సమాచార కమిషనర్లను ఎంపిక చేసే కమిటీల్లో ప్రధాని పక్కన కూర్చుని కాదనే మనిషి కావాలి కదా.

అంకెలు చాలవని నువ్వంటావు. అదీ ఒప్పుకుంటాను. 1988లో అంత మెజారిటీ ఉన్న రాజీవ్ ప్రభుత్వమే పరువునష్టం బిల్లును లోక్‌సభలో నెగ్గించుకుని కూడా, పత్రికలూ ప్రతిపక్షాలూ ఏకమై ఎదిరించేసరికి వెనక్కి తీసుకుంది. చిన్న ప్రతిపక్షమైనా జనంతో కలిస్తే పని జరుగుతుంది. 2023 డిసెంబరులో జరిగింది వేరు. అప్పటి పార్లమెంటు సమావేశాల్లో రెండు సభల్లో కలిపి 146 మంది ఎంపీలను సస్పెండ్ చేశారు. వాళ్లలో ఎక్కువమంది బయట ఉండగానే భారతీయ శిక్షాస్మృతి స్థానంలో కొత్త చట్టం వచ్చేసింది. అంతమందిని బయటికి పంపడం తప్పు. ప్రతిపక్షం ప్లకార్డులతోనే సమావేశాలు గడిపేయడం కూడా తప్పే. రేపు ఏ పేదవాడి మీదనో కేసు పడితే ఆ చట్టంలోని ఒక్కొక్క సెక్షనూ అతని బతుకును తేలుస్తుంది. అంత పెద్ద చట్టం మీద సెక్షన్ల వారీగా కొట్లాడాల్సినవాళ్లు సభలో లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక నోటా. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన హక్కు అది, చిన్నచూపు చూడను. 2024లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకుని బీజేపీలో చేరిపోతే, 2,18,674 మంది నోటా నొక్కారు. కోపం చూపడానికి వాళ్లకు దొరికిన దారి అది. అయినా బీజేపీ అభ్యర్థి 11 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచాడు. సూరత్‌లో ఇంకా అన్యాయం. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరించారు, మిగతావాళ్లు తప్పుకున్నారు, బీజేపీ అభ్యర్థి ఒక్కడే మిగిలి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. అక్కడి ఓటరుకు నోటా కూడా దక్కలేదు. నీకు వరంగల్‌లో ఆ దుస్థితి రాలేదు. అభ్యర్థులు ఉన్నారు, నువ్వే వాళ్లను సరిగా చూడలేదని నా అనుమానం.

ఈసారి పార్టీ గుర్తు దగ్గరే ఆగిపోకు. అభ్యర్థి అఫిడవిట్ చదువు. కేసులు, ఆస్తులు, చదువు అన్నీ అందులో ఉంటాయి. సిట్టింగ్ ఎంపీ అయితే ఏ ప్రశ్నలు వేశాడో పార్లమెంటు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మన పత్తి రైతు గురించి, మన రైళ్ల గురించి ఒక్కటైనా అడిగాడా చూడు. ఎన్నిసార్లు పార్టీ మారాడో ఆరా తీయి. అధికారం దక్కకపోయినా అయిదేళ్లూ ప్రతిపక్ష బల్ల మీద కూర్చుని పని చేసే ఓపిక ఉందా లేదా తేల్చుకో. ఆ ఓపిక ఉన్నవాడు పాలకపక్షంలో కనిపిస్తే అతనికే వెయ్యి, నాకు అభ్యంతరం లేదు. తన పార్టీ మంత్రినైనా అడగగలిగే ఎంపీ కూడా అరుదైపోయాడు.

నువ్విప్పుడు హైదరాబాదులో ఉంటున్నావు కాబట్టి ఓటు అక్కడికి మార్చుకో. ఫారం 8 ఆన్‌లైన్లోనే నింపొచ్చు. ఎన్నికలు దగ్గరపడ్డాక హడావుడి పడకుండా ఈ నెలలోనే చెయ్యి. అయ్యాక నాకొక ఫోను కొట్టు.

నీ పెద్దనాన్న