వింటర్ సేవరీకి ఎండ సరే, నీరు నిలవని నేల ఎలా?

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి వంటి కాలనీల్లో పెరటి స్థలం తక్కువ. ఇక్కడ తోట అంటే చాలామందికి డాబా మీదో, బాల్కనీలోనో పెట్టిన కుండీలే. అలాంటి కుండీల్లో పెంచదగ్గ సుగంధ మొక్కల్లో వింటర్ సేవరీ ఒకటి. దీనికి ప్రధానంగా రెండు షరతులు: బాగా ఎండ తగలాలి, వేళ్ల దగ్గర నీరు నిలవకూడదు. ఎండకు ఢిల్లీలో కొదవ లేదు. అసలు పరీక్ష రెండో షరతు దగ్గరే.

వాముకు దగ్గరి ఘాటు

వింటర్ సేవరీ శాస్త్రీయ నామం సతురేజా మోంటానా. తులసి, పుదీనాల కుటుంబానికి చెందిన ఈ బహువార్షిక మొక్క స్వస్థలం దక్షిణ ఐరోపా కొండ ప్రాంతాలు. సుమారు 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆకుల్లోని ఘాటుకు ముఖ్య కారణం కార్వక్రాల్ అనే రసాయనం. వాముకు వాసననిచ్చే థైమాల్‌ది, దీనిది ఒకే అణుఫార్ములా. పరమాణువుల అమరికలోనే తేడా. ఐరోపాలో ఈ ఆకును చిక్కుడు, బీన్స్ వంటకాల్లో వాడతారు.

వేడిలో వాన

మధ్యధరా ప్రాంతంలో వానలు ఎక్కువగా చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. ఢిల్లీలో ఇందుకు భిన్నం. ఒక్క జులై, ఆగస్టు నెలల్లోనే సగటున 400 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది, అదీ మంచి ఉక్కపోతలో.

ఈ తేడా మొక్కకు ప్రాణాంతకం కావచ్చు. వేళ్లు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటే వాటికి ఆక్సిజన్ సులువుగా అందుతుంది. ఆ ఖాళీలు నీటితో నిండితే ఆక్సిజన్ వ్యాపనం దాదాపు 10,000 రెట్లు నెమ్మదిస్తుంది. పైగా 10 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. అదే వేడిలో వేళ్ల శ్వాసక్రియ వేగం పెరుగుతుంది. అంటే అవసరం పెరిగినప్పుడే సరఫరా తగ్గుతుంది. వేరుకుళ్లు తెగులు అప్పుడే సులువుగా పట్టుకుంటుంది.

కుండీ అడుగున ఏం జరుగుతుంది?

కుండీకి రంధ్రం ఉంటే నీరంతా పోతుందనుకోవడం పొరపాటు. తలతన్యత వల్ల మట్టిలోని సన్నని ఖాళీలు నీటిని పట్టి ఉంచుతాయి. ఇదే కేశనాళికీయత. 0.1 మిల్లీమీటరు వ్యాసార్థమున్న గాజు గొట్టంలో నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎగబాకుతుంది. వ్యాసార్థం 1 మిల్లీమీటరైతే 1.5 సెంటీమీటర్లే. మట్టి ఎంత మెత్తనైతే కుండీ అడుగున నీరు నిండిన పొర అంత మందంగా ఉంటుంది. పశ్చిమ ఢిల్లీలో ఉన్నది సన్నని రేణువుల ఒండ్రు మట్టి. దాన్ని నేరుగా కుండీలో నింపితే జరిగేది ఇదే.

అడుగున గులకరాళ్లు పరిస్తే సరిపోతుందా? సరిపోదు. పై మట్టి దాదాపు పూర్తిగా తడిసేదాకా నీరు రాళ్ల మధ్య పెద్ద ఖాళీల్లోకి దిగదు. ఫలితంగా తడి పొర అలాగే ఉండి, వేళ్లకు మరింత దగ్గరగా పైకి జరుగుతుంది.

దీన్ని వంటింటి స్పాంజితో పరీక్షించవచ్చు. బాగా తడిపిన స్పాంజిని జాలీ మీద అడ్డంగా ఉంచండి. చుక్కలు ఆగాక నిలువుగా నిలబెట్టండి, మళ్లీ నీరు కారుతుంది. ఎత్తు పెరిగితే పైభాగం నుంచి నీరు దిగిపోతుంది. కుండీకీ ఇదే సూత్రం. ఒక మట్టి మిశ్రమంలో తడి పొర 5 సెంటీమీటర్లు అనుకుంటే, 15 సెంటీమీటర్ల కుండీలో మూడో వంతు దానికే పోతుంది. 30 సెంటీమీటర్ల కుండీలో ఆరో వంతే.

పాటించాల్సినవి

• ప్లాస్టిక్ కుండీ కన్నా లోతైన మట్టి కుండీ మేలు. దాని గోడల గుండా కూడా నీరు ఆవిరవుతుంది.

• తోట మట్టికి కనీసం సమపాళ్లలో ముతక ఇసుక లేదా చిన్న ఇటుక ముక్కలు కలపండి. ఢిల్లీలో 'బదర్‌పూర్' పేరుతో పిలిచే ముతక ఇసుక ఇందుకు పనికొస్తుంది. సన్న ఇసుక ఖాళీలను పూడ్చేస్తుంది. ఎరువు కొద్దిగా చాలు.

• అక్టోబరు, నవంబరులో విత్తండి. చిన్న విత్తనాలు మొలకెత్తడానికి వెలుతురు కావాలి కాబట్టి పైనే చల్లి తేలికగా అదమండి.

• రోజుకు కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. మే, జూన్‌లలో మాత్రం మధ్యాహ్నం నీడ కల్పించండి.

• పైమట్టి ఆరాకే నీరు పోయండి. కుండీని ఇటుకల మీద ఉంచి, కింద పళ్లెం తీసేయండి.

• వానాకాలానికి ముందే కుండీని వాన పడని, వెలుతురున్న చోటికి మార్చండి. ఫిబ్రవరి, మార్చిలోనే ఒకటి రెండు కొమ్మలు కత్తిరించి వేరే కుండీలో నాటుకుంటే, తల్లి మొక్క దెబ్బతిన్నా మరొకటి మిగులుతుంది.

ఢిల్లీ చలిని ఈ కొండమొక్క తేలిగ్గానే తట్టుకుంటుంది. దాన్ని కాపాడాల్సింది జులై, ఆగస్టు నెలల్లో వేళ్ల దగ్గర నిలిచే వెచ్చని నీటి నుంచే.