పాత జీపుల వెనుక బంపరు తుప్పు: తొలగించే విధానం, కురబలకోట ప్రాంత రైతులకు తెలుపవలసిన అంశాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాలను ఈ సీమలో పడమటి మండలాలని వ్యవహరిస్తారు. హార్స్‌లీ కొండల దిగువన ఉన్న కురబలకోట వీటిలో ఒకటి. ఎర్ర నేలలు, చిన్న కమతాలు, బోరుబావుల కింద టమాటా, వర్షాధారంగా వేరుశనగ, ఇంటింటా పాడి ఇక్కడి వ్యవసాయ స్వరూపం. గట్ల వెంబడి, వంకలు దాటి, గుట్టల వాలులో సాగే బాటల మీద సాధారణ వాహనం పోలేని చోట్లకు పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపులు నేటికీ వెళ్తున్నాయి. మహీంద్రా సంస్థ 1940ల చివరలో విల్లీస్ నమూనా జీపుల కూర్పుతో తన వాహన రంగ ప్రస్థానాన్ని ప్రారంభించింది. ఆ వంశానికి చెందిన బండ్లు ఇరవై, ముప్పై ఏళ్లు దాటినా ఇంజను మార్చుకొని, గేరుబాక్సు విప్పుకొని పనిచేస్తూనే ఉంటాయి. వాటిలో మరమ్మతుకు చివరిగా నోచుకొనే భాగం వెనుక బంపరు.

బంపరు అందం కోసం ఉన్న వస్తువని భావించడం వల్లనే ఈ నిర్లక్ష్యం. పొలంలో తిరిగే జీపుకు బంపరే కొక్కెం. మందునీటి ట్యాంకరు, చిన్న ట్రైలరు, బురదలో దిగబడిన మరొక బండి, అన్నిటినీ రైతు దానికే తగిలిస్తాడు. పైన రంగు చెక్కుచెదరకుండా కనిపిస్తున్నా బంపరు వెనుక చాసిస్ కొన గుల్లబారి ఉండవచ్చు. నిండు ట్యాంకరును వాలులో పైకి లాగుతున్నప్పుడు ఆ కొన ఊడితే వెనక్కు జారే బరువుకు అడ్డం ఏదీ ఉండదు. అందువల్ల తుప్పు పట్టిన బంపరును విప్పడం ప్రధానంగా ఒక పరీక్ష. దాని వెనుక ఉన్న ఇనుము ఎంత మిగిలిందో చూడడానికి వేరే మార్గం లేదు.

తుప్పు ఇక్కడే ఎందుకు మొదలవుతుంది

చక్రాలు విసిరిన ఎర్రమట్టి బంపరుకు, చాసిస్‌కు మధ్యనున్న సన్నని సందులో చేరి గట్టిపడుతుంది. పైభాగం ఎండిపోయినా లోపలి మట్టిలో తేమ రోజుల తరబడి నిలుస్తుంది. సందు ముఖద్వారం వద్ద ఆక్సిజన్ లభిస్తుంది, లోతున లభించదు. ఈ తేడా వల్ల లోతున ఉన్న ఇనుము ఆనోడుగా మారి కరుగుతుంది. వరి మడిలో పైన పలుచని ఎర్ర పొర, దాని కింద బూడిద రంగు పొర ఏర్పడడాన్ని చూసిన విద్యార్థికి ఇది కొత్త విషయం కాదు. అక్కడ ఫెర్రస్, ఫెర్రిక్ రూపాల మధ్య సాగే మార్పుకు, ఇక్కడి మార్పుకు మూలం ఒకటే: ఆక్సిజన్ అందిన చోటు, అందని చోటు.

దీనికి తోడు బండి మోసే సరుకు. యూరియాకు 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సందిగ్ధ సాపేక్ష తేమ సుమారు 73 శాతం. కాల్షియం నైట్రేటుకు 47 శాతం మాత్రమే. గాలిలో తేమ ఈ హద్దు దాటితే ఎరువు తనంతట తానే నీటిని పీల్చుకొని ద్రవమవుతుంది. వర్షాకాలపు రాత్రుల్లో ఈ హద్దు సులభంగా దాటుతుంది. చిరిగిన సంచి నుండి రాలిన గుప్పెడు గుళికలు బంపరు అంచులో పడితే, వాన చుక్క లేకున్నా అక్కడ ఉప్పునీరు తయారవుతుంది. డ్రిప్పు ద్వారా కాల్షియం నైట్రేటు అందించే టమాటా రైతులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. పొటాష్ ఎరువులోని క్లోరైడు ఇనుముపై ఏర్పడే రక్షణ పొరను నిలవనివ్వదు. పశువుల ఎరువు తడిని, లవణాలను కలిపి పట్టి ఉంచుతుంది.

టమాటా కూడా ఇందులో భాగస్వామే. పండు రసం ఉదజని సూచిక దాదాపు 4.3. మదనపల్లె మార్కెట్టుకు క్రేట్లు తరలించేటప్పుడు చితికిన కాయల రసం వెనుక తలుపు సందుల్లోంచి నేరుగా బంపరు మీదికే కారుతుంది. ఇక కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం సంగతి. బోర్డో మిశ్రమాన్ని ఇనుప పాత్రలో కలపరాదని మొదటి సంవత్సరం విద్యార్థికే చెబుతారు. కరిగిన రాగి ఇనుము మీద పేరుకొని, ఇనుమును కరిగేలా చేస్తుంది. అదే మందు బండి వెనుక ఒలికినప్పుడు మాత్రం ఆ పాఠం ఎవరికీ గుర్తుకు రాదు.

తుప్పు ఘనపరిమాణం అది పుట్టిన ఇనుము కంటే రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ. కాబట్టి బోల్టు మరలకు, నట్టు మరలకు మధ్య ఉన్న వెంట్రుకవాసి ఖాళీ పూర్తిగా బిగుసుకుపోతుంది. నట్టు తిరగకపోవడానికి కారణం ఇదే.

విప్పే ముందు

బండిని సమతలంగా, గట్టి నేలపై నిలిపి ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. కిందికి దూరవలసి వస్తే జాకీని నమ్మరాదు, స్టాండులు వేయాలి. ఇంధన ట్యాంకు ఎక్కడ ఉందో ముందుగా చూడాలి. కొన్ని పాత నమూనాల్లో అది డ్రైవరు సీటు కింద, మరికొన్నిటిలో వెనుక వైపున ఉంటుంది. చాసిస్ వెంబడి వచ్చే బ్రేకు గొట్టం, వెనుక దీపాల తీగలు ఏ పక్కన వెళ్తున్నాయో గుర్తించాలి. వెల్డింగు ఆలోచన ఉంటే బ్యాటరీ తీగలను ముందే విప్పాలి.

పని స్థలం విషయంలో పల్లెల్లో ఒక ప్రమాదం ప్రత్యేకంగా ఉంటుంది. జీపు నిలిపే చోటే వేరుశనగ కట్టె వామి, వరిగడ్డి ఉంటాయి. గ్రైండరు నిప్పురవ్వలు కొన్ని మీటర్ల దూరం ఎగిరి, ఎండు గడ్డిలో కనిపించకుండా రాజుకుంటాయి. గ్రైండరు గాని, గ్యాసు మంట గాని వాడేటట్లయితే బండిని కళ్లం నుండి దూరంగా తీసుకుపోవడం తప్పనిసరి. బకెట్లతో నీరు, ఇసుక చేతికందేలా ఉండాలి; పని ముగిసిన తరువాత కూడా కొంతసేపు అక్కడే కనిపెట్టుకొని ఉండాలి. కంటి అద్దాలు, తోలు చేతితొడుగులు ధరించాలి. తుప్పు రేకు గీసుకుంటే గాయాన్ని కడిగి, ధనుర్వాతం టీకా గడువులో ఉందో లేదో ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి.

స్పానరు ఎంపికలో జరిగే పొరపాటు సగం బోల్టులను పాడు చేస్తుంది. విల్లీస్ వంశపు జీపుల్లో అంగుళాల కొలత బోల్టులు ఎక్కువ. 1/2 అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు స్పానరు పడుతుంది గాని, తుప్పుతో అరిగిన తల మీద అది జారి మూలలను గుండ్రంగా చేస్తుంది. 9/16 అంగుళం తల 14.3 మిల్లీమీటర్లు; దానికి 14 ఎక్కదు, 15 వదులు. తరువాతి కాలంలో మార్చిన బోల్టులు మిల్లీమీటర్ల కొలతలో ఉండవచ్చు కాబట్టి ఒకే బంపరుకు రెండు రకాలూ కనిపించడం సాధారణం. వైరు బ్రష్షుతో తలను శుభ్రం చేసి, కొలిచి, ఆరు మూలల సాకెట్టు వాడాలి. పన్నెండు మూలల రింగు స్పానరు కొత్త బోల్టుకు సరిపోతుంది, తుప్పు బోల్టుకు కాదు.

బోల్టులను వదిలించడం

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. బోల్టు ఆరపార వెళ్లి వెనుక విడి నట్టుతో బిగించి ఉందా, లేక నట్టును చాసిస్ లోపలే వెల్డింగు చేశారా? మొదటిదైతే బోల్టు విరిగినా నష్టం లేదు. కొత్తది కొనడానికి పెద్ద ఖర్చు కాదు. రెండోదైతే బోల్టు విరిగిన క్షణం నుండి పని గంటల నుండి రోజులకు పెరుగుతుంది. ఈ తేడా గమనించకుండా అన్నిటినీ ఒకే తీరుగా బలంతో తిప్పడమే గ్రామీణ మరమ్మతుల్లో తరచుగా కనిపించే లోపం. కాపాడవలసింది చాసిస్ రంధ్రాన్ని, లోపలి నట్టును, బోల్టును కాదు.

లోపలి నట్టు ఉన్న చోట ఓపికే ప్రధాన సాధనం. బయటికి కనిపించే మరలను బ్రష్షుతో తోమి, తుప్పు వదిలించే నూనెను సాయంత్రం పూట పట్టించి, రెండు మూడు రోజులు ఉదయం, సాయంత్రం మళ్లీ పట్టించాలి. పల్లె మెకానిక్కులు డీజిలు, కిరోసిన్ కలిపి వాడతారు. అది నిదానంగా పనిచేసినా అసలు వాడకపోవడం కంటే మేలు. నూనె సన్నని సందుల్లోకి కేశాకర్షణతో పోవాలి కాబట్టి గంటలో ఫలితం ఆశించరాదు. మధ్యమధ్య బోల్టు తలపై సుత్తితో నిటారుగా కొట్టడం వల్ల తుప్పు పొరలో పగుళ్లు ఏర్పడి నూనెకు దారి దొరుకుతుంది.

తరువాత విప్పే దిశలో కాక, ముందు బిగించే దిశలో కొద్దిగా కదిలించి చూడాలి. కదిలితే వెనక్కు, ముందుకు పావు చుట్టు చొప్పున తిప్పుతూ, నూనె వేస్తూ రావాలి. కిర్రుమని బిగుసుకుంటే ఆగి వెనక్కు తిప్పాలి. స్పానరుకు పొడవాటి పైపు తొడగడం ఆకర్షణీయమైన ఉపాయమే గాని, లెక్క చూడడం మంచిది. ఒక మీటరు పైపు చివర 20 కిలోల బలం వేస్తే బోల్టుపై పడే టార్కు దాదాపు 196 న్యూటన్ మీటర్లు. 3/8 అంగుళం బోల్టును బిగించడానికి సాధారణంగా కావలసింది 50 న్యూటన్ మీటర్లలోపే. నాలుగు రెట్ల బలం తుప్పును ఓడించే ముందే బోల్టు మెడను విరిచేస్తుంది. విడి నట్టు ఉన్న చోట ఇదే ఉపాయాన్ని తెలిసి వాడవచ్చు. బోల్టు విరిగితే పని పూర్తయినట్లే.

వేడి చేయడం శక్తివంతమైన పద్ధతి. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నట్టును 300 డిగ్రీల మేర వేడి చేస్తే రంధ్రం 0.036 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ స్వల్ప మార్పు తుప్పు పట్టును విడిపించడానికి తరచుగా సరిపోతుంది. అయితే వేడి నట్టుకే తగలాలి. బోల్టుకు తగిలితే అదీ ఉబ్బి ప్రయోజనం తగ్గిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు మైనపు వత్తిని మరల వద్ద ఆనిస్తే కరిగి లోపలికి పోతుంది. నూనె పూసిన వెంటనే మంట పెట్టరాదు, తుడిచి ఆరనివ్వాలి. జింకు పూత ఉన్న బోల్టులను వేడి చేస్తే వెలువడే తెల్లటి పొగ జ్వరాన్ని తెస్తుంది. ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా నిలబడి చేయాలి. ట్యాంకు వెనుక వైపున ఉన్న జీపులో, ట్యాంకును దించకుండా మంట వాడనేకూడదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం, ఆవిరి నిండి ఉంటుంది కాబట్టి. వేడి చేసిన బోల్టు బలం తగ్గుతుంది. దానిని తిరిగి వాడరాదు.

ఇవేవీ ఫలించకపోతే గ్రైండరు. విడి నట్టును బోల్టు అక్షానికి సమాంతరంగా ఒక పక్క కోసి, ఉలితో విడగొడితే చాసిస్‌కు గీత పడదు. చక్రంపై ముద్రించిన గరిష్ఠ వేగం గ్రైండరు వేగం కంటే తక్కువ ఉండరాదు. రక్షణ కవచం తీసేయరాదు. తల తెగిన బోల్టు లోపలి నట్టులో మిగిలితే దాని మొండెంపై కొత్త నట్టును వెల్డింగు చేసి తిప్పవచ్చు. వెల్డింగు వేడే పట్టును సడలించడం వల్ల ఇది చాలాసార్లు ఫలిస్తుంది.

చివరి బోల్టు తీసే ముందు బంపరును తాడుతోనో, కింద దిమ్మెలతోనో ఆనించి ఉంచాలి. ఒక పక్క ఊడి వేలాడితే మిగిలిన బోల్టు రంధ్రాన్ని చీలుస్తుంది, కింద ఉన్న కాలును కూడా.

గొలుసుతో బంపరును చెట్టుకు కట్టి జీపును ముందుకు దూకించే పద్ధతి గురించి ఒక్క మాట. గొలుసు తెగితే అది వెనక్కు కొరడాలా వస్తుంది. తెగకపోతే చాసిస్ కొన వంగుతుంది. విస్తరణ సిబ్బంది దీనిని ఎక్కడ చూసినా ఆపించాలి.

బంపరు దిగిన తరువాత

చాసిస్ కొనను నీటితో కడిగి ఆరిన తరువాత సుత్తితో తట్టాలి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది, గుల్లబారినది మందకొడిగా పలుకుతుంది. స్క్రూడ్రైవరు మొనతో పొడిచినప్పుడు దిగితే ఆ భాగం పోయినట్లే. దిగకపోయినా, తుప్పు పట్టని చోట మందాన్ని, తుప్పు పట్టిన చోట మందాన్ని వెర్నియరుతో కొలిచి పోల్చాలి. రేకు వంపును తట్టుకొనే బలం మందం వర్గానికి అనులోమంగా ఉంటుంది. 3 మిల్లీమీటర్ల రేకు 2 మిల్లీమీటర్లకు తగ్గితే మిగిలేది 44 శాతం బలమే. కంటికి మూడో వంతు నష్టంగా కనిపించేది నిజానికి సగానికి మించిన నష్టం. అటువంటి కొనకు కొత్త బంపరు బిగించి ట్రైలరు తగిలించడం పాతదాన్ని అలాగే ఉంచడం కంటే ప్రమాదకరం, ఎందుకంటే కొత్త రంగు చూసి రైతు మరింత బరువు తగిలిస్తాడు. పాడైన భాగాన్ని కోసి, అదే మందం గల ఉక్కుతో అనుభవజ్ఞుడైన వెల్డరు చేత అతికించాలి.

బాగున్న కొనను వైరు బ్రష్షుతో మెరిసే ఇనుము వరకు తోమి, జింకు అధికంగా ఉండే ప్రైమరు, ఆపై రంగు రెండు పూతలు వేయాలి. బంపరు గొట్టం ఆకారంలో ఉంటే అడుగున నీరు కారే రంధ్రం ఉందో లేదో చూడాలి, లేకపోతే పెట్టించాలి. కొత్త బోల్టుల మరలకు గ్రీజు పూసి బిగిస్తే మరో పదేళ్లకు విప్పేవాడి పని సులువవుతుంది. గ్రీజు పూసిన బోల్టును పొడి బోల్టుకు చెప్పిన టార్కుతో బిగిస్తే అతిగా బిగుస్తుంది కాబట్టి చేయి కొంచెం తగ్గించాలి.

పాత బంపరుకు బదులు పొలం దగ్గరి పైపు ముక్కతో బరువైన కడ్డీ చేయించుకోవడం కనిపిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నమోదు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. వాహనాలకు బిగించే క్రాష్ గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలను కోరింది. తయారీదారు ఇచ్చిన ఆకృతికి దగ్గరగా ఉన్న బంపరునే బిగించుకోవాలి, నంబరు పలక, దీపాలు మరుగుపడకుండా.

ఆ తరువాతి కాపుదల సులభం. ఎరువు, పశువుల పెంట, టమాటా క్రేట్లు దించిన రోజు సాయంత్రమే బంపరు వెనుక సందును రెండు బకెట్ల నీటితో కడగాలి. రాగి మందులు ఒలికితే ఆ కడుగు నీరు చెరువు కాలువలోకి పోకుండా చూడాలి. వానాకాలానికి ముందు ఒకసారి, ఈశాన్య రుతుపవనాల తరువాత ఒకసారి బోల్టు తలలను వైరు బ్రష్షుతో తోమి, నూనె గుడ్డతో తుడవాలి. అదే సమయంలో ట్రైలరు కొక్కాన్ని, దాని పిన్నును కూడా చూసుకోవచ్చు.