పునరుత్థానవిశ్వాసమును నిత్యజీవనమును

ఈస్టరునాటి వేకువజామున మన తెలుగు పట్టణములలో క్రైస్తవుల సమాధులతోట ప్రక్కగా పోవువారికి, సున్నము వేసిన గోరీలమీద పూలును, వెలుగుచున్న క్రొవ్వొత్తులును, వానిచుట్టు గూర్చుండి పాడుచున్న కుటుంబములును గానవచ్చును. ఒకప్పుడు నాతోగూడ నట్లు పోవుచుండిన న్యాయవాదిమిత్రుడొకరు, "మనము పునర్జన్మ మనుదానినే వీరు పునరుత్థాన మనుచున్నారు, అంతియే భేదము" అనిరి. విద్యావంతులగు మనవారిలో పెక్కండ్రు ఇట్లే తలంచుచున్నారు. మరికొందరు శవము లేచి నడచిన కథయని నవ్వి విడుచుచున్నారు. ఈ రెండు తలంపులును ఆ మతమునకు న్యాయము చేయునవి కావు. వాది యేమనుచున్నాడో యతని దావాయర్జీలోనే చదువవలెను గాని ప్రతివాది నోట విని తీర్పు చెప్పరాదు గదా.

ఈ విషయమున క్రైస్తవులయొద్ద నున్న మొట్టమొదటి విపులమైన కాగితము సువార్తలలో నేదియు గాదు. పౌలు ఎఫెసు పట్టణమునుండి, పండితులలో పెక్కండ్ర యభిప్రాయమున క్రీ. శ. 53-55 ప్రాంతమున, కొరింథులోని చిన్న సంఘమునకు వ్రాసిన జాబే యది. యేసు సిలువవేయబడినది 30వ సంవత్సరప్రాంతము; కావున సంగతికిని జాబునకును నడుమ జరిగిన కాలము ఇంచుమించు ఇరువదియైదేండ్లు మాత్రమే. ఆ జాబు 15వ అధ్యాయమున పౌలు, తాను ఇతరులవలన పొందినదానినే చెప్పుచున్నానని, లేచిన యేసు ఎవరెవరికి కనబడెనో పట్టిక వ్రాసెను: పేతురు, పన్నిద్దరు శిష్యులు, ఐదువందలకు మించిన సోదరులు, యాకోబు, తక్కిన అపొస్తలులు, కట్టకడపట తాను. ఆ యైదువందలలో ననేకు లింకను జీవించియున్నారనికూడ చేర్చెను. అనగా, సందేహమున్నవారు పోయి విచారించుకొనవచ్చునని సాక్షుల జాబితా దాఖలుచేసినట్లే.

నా వృత్తి యభ్యాసముచేత నీ సాక్ష్యమును పలుమారులు పరిశీలించితిని. సమాధికి పోయిన స్త్రీ లెందరు, అచ్చట కనబడినవా రొక్కరా యిద్దరా, శిష్యులు ప్రభువును యెరూషలేమున జూచిరా గలిలయలో జూచిరా యను నంశములలో నాలుగు సువార్తలకును పొందిక లేదు. మార్కు సువార్త, 4వ శతాబ్దపు రెండు ప్రసిద్ధమైన ప్రాచీన ప్రతులలో, స్త్రీలు భయపడి యెవరితోను చెప్పక పారిపోవుటతోనే ముగియుచున్నది. సాక్షు లందరును నక్షరము తప్పక యొకేమాట చెప్పినయెడల, ఎవరో నేర్పి తెచ్చిరని మేము ముందుగా శంకింతుము; కావున నీ భేదములవలన కథ కల్లయని తేలదు. నిజమనియు తేలదు. నన్ను నిలిపివేసిన సంగతి మరియొకటి కలదు. ఖాళీ సమాధిని ముందుగా జూచినవారు స్త్రీలు; వారిలో మగ్దలేనే మరియ పేరు నాలుగు సువార్తలందును గలదు. స్త్రీల సాక్ష్యము నంగీకరింపరాదని ఆ శతాబ్దపు యూదచరిత్రకారుడగు జోసీఫసు తమ ధర్మశాస్త్రవిధిగా వ్రాసియున్నాడు. కథ కల్పింపబూనినవాడు న్యాయస్థానము త్రోసివేయు సాక్షిని ముందు నిలుపునా? శిష్యులు ఆ స్త్రీల మాటలను వట్టి వదరుగా నెంచిరని లూకా దాపక వ్రాసెను. ఐనను పౌలు పట్టికలో నీ స్త్రీల పేరు లేదు. ఇరువదియైదేండ్లలోనే వారి సాక్ష్యమును జాబితానుండి తొలగించిన పురుషు లెవరో యని యడుగబుద్ధి పుట్టుచున్నది.

సమాధి నిజముగా ఖాళీ యయ్యెనా యను ప్రశ్నను ఏ న్యాయస్థానమును పరిష్కరింపజాలదు. అందుచేత కొందరు మహాశయులు ఆ భాగమును ప్రక్కకుబెట్టి, నీతిని మాత్రము గైకొనిరి. అమెరికాకు మూడవ యధ్యక్షుడుగా నుండిన జెఫర్సను, సువార్తలనుండి తనకు నచ్చిన భాగములను కత్తితో కోసి యతికించి చేసికొన్న గ్రంథమును 1820లో ముగించెను; అది యేసును పాతిపెట్టి, సమాధిద్వారమున రాయి దొర్లించి, జనులు వెడలిపోవుటతో సమాప్తము. ఆ సంవత్సరముననే కలకత్తాలో రాజా రామమోహనరాయలవారు యేసు నీతిబోధలను మాత్రము వేరుచేసి ప్రకటింపగా, శ్రీరామపురపు క్రైస్తవ బోధకుడు మార్ష్‌మను వారితో వాదమునకు దిగెను. నేను చిరకాలము రాయలవారి పక్షముననే యుంటిని. అద్భుతముల విషయమున నేటికిని వారి పక్షమే. కాని కొరింథీయుల జాబును మొదటినుండి తుదివరకు నొక్కపట్టున చదివినప్పుడు, అందలి నీతిని ఆ విశ్వాసమునుండి కత్తితో కోయుట నే ననుకొన్నంత సులభము గాదని తోచినది.

ఎట్లనగా, కొరింథు 44 క్రీస్తుపూర్వమున జూలియసు సీజరుచే మరల స్థాపింపబడిన రేవుపట్టణము. వర్తకమువలన క్రొత్తగా ధనికులైనవారును, బానిసలును ఒకే సంఘమున జేరిరి. వారిలో కొందరు మృతుల పునరుత్థానము లేదనిరి. వీరు నాస్తికులు గారు. దేహము నశించును, ఆత్మ మాత్రము బ్రతుకునను గ్రీకుమతము వారికి సహజముగా రుచించియుండును. ఏథెన్సు పండితులును ఆత్మ యమరత్వమును విని నవ్వియుండరు. పౌలు నోట మృతులు లేతురను మాట వచ్చినప్పుడే నవ్విరి. పౌలు చెప్పినది దేహము విడిచిన యాత్మ సుఖమును గాదు, మరియొక తల్లి గర్భమున పుట్టుటయు గాదు. లాజరువలె తిరిగి బ్రతికి మరల చచ్చుటయు గాదు. విత్తనము భూమిలో పడి తన రూపమును గోల్పోయి మొక్కయైనట్లు, ఈ దేహమే మార్పు నొంది యక్షయమగునని యతని యుపమానము. విత్తనమును పారవేసినవానికి పైరు లేదు. నా మిత్రుడు చూడని భేదమిదియే: పునర్జన్మవాదమున పాతదేహముతో నిక పనిలేదు, పునరుత్థానవాదమున దానికే భవిష్యత్తు గలదు.

ఇది వట్టి వేదాంతచర్చ గాదు. దేహము పారవేయదగిన పొట్టు అయినచో, ఎదుటివాని దేహము ఆకొన్నను నష్ట మేమి? ఆ జాబులోనే 11వ అధ్యాయమున, ప్రభువు భోజనమునకు గూడినప్పుడు కలవారు ముందుగా తిని త్రాగి మత్తులగుచుండగా లేనివారు ఆకలితో గూర్చుండుచున్నారని పౌలు మండిపడినాడు. పునరుత్థానము లేదన్నవారును, బీదలకు విస్తరి పెట్టనివారును ఒకరేయని రుజువు లేదు. ఐనను రెండును ఒక యింటి గాలియే.

తరువాతి చరిత్రయు దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. 3వ శతాబ్ది మధ్యమున ఘోరమైన యంటువ్యాధి ప్రబలగా, అలెగ్జాండ్రియాలో క్రైస్తవులు రోగులను విడువక పరిచర్యచేసి, శవములను కడిగి పాతిపెట్టి, తామును ఆ రోగముననే చచ్చిరని యచ్చటి బిషపు డయొనీషియసు వ్రాసిన జాబు నిలిచియున్నది. 361 మొదలు 363 వరకు రోమునేలిన జూలియను చక్రవర్తి క్రైస్తవమతమునకు పరమవిరోధి. అతడు సైతము ఆ మతవ్యాప్తికి గారణములుగా పరదేశులయెడ వారి యాదరమును, మృతుల సమాధులయెడ వారి శ్రద్ధను జెప్పుకొనవలసి వచ్చెను. శ్మశానమునకు వారు వాడిన గ్రీకుమాటకు పడకటిల్లని యర్థము. మన దేశమున 1883లో గుంటూరునకు వచ్చి 1898లో స్త్రీల కాసుపత్రి తెరచిన వైద్యురాలు అన్నా కుగ్లరు లూథరను సంఘపు స్త్రీ. ఆ సంఘమువారు ఆరాధనలో నొప్పుకొను విశ్వాసప్రమాణమున ఆత్మయొక్క గాక, శరీరముయొక్క పునరుత్థానమే చెప్పబడియున్నది.

దక్షిణదేశమున కొన్నిచోట్ల క్రైస్తవశ్మశానములలో సైతము కులమునుబట్టి గోరీలను వేరుచేసిన యాచారము గలదు. నడుమ గోడ గట్టినచోట్లును గలవు. దేహములు లేచునాడు ఆ గోడ కెవ్వరు కావలియుందురో యా సంఘములవారే చెప్పవలెను. మన శ్మశానములలో గోడలు లేవని విర్రవీగు హిందువునకు మాత్రము ఈ ప్రశ్న యడుగ నధికారము లేదు. మనము కాటినే వేరు చేసితిమి.

మరల జాబునకు వత్తము. 15వ అధ్యాయము చివర పౌలు, మృత్యువు జయింపబడినది గావున మీ ప్రయాస వ్యర్థము గాదని ముగించెను. 16వ అధ్యాయము తొలివాక్యమే చందానుగూర్చినది: యెరూషలేములోని బీదలకొరకు ప్రతివారమును మొదటిదినమున, అనగా పునరుత్థానదినమగు నాదివారమున, ఎవరి రాబడినిబట్టి వారు కొంత తీసి యింటియొద్ద నిలువచేయవలెను. బోధకులు సాధారణముగా నీ రెండిటిని వేరువేరు దినములలో చదువుదురు. అధ్యాయవిభజన 13వ శతాబ్దమున చేయబడినది. పౌలు జాబులో నడుమ విరామము లేదు. మృత్యుంజయమును జెప్పిన కలమే సిరా యారకమునుపు డబ్బు లెక్కకు వచ్చినది.

ఆ సొమ్మును గొనిపోయి పౌలు యెరూషలేమున పట్టుబడెను. కైసరయలో గవర్నరగు ఫేలిక్సు నెదుట, తెర్తుల్లు అను వకీలు అతనిమీద నేరము మోపగా, ప్రత్యుత్తరమున పౌలు తన పక్షమున రెండు సంగతులు చెప్పెనని అపొస్తలుల కార్యముల గ్రంథము 24వ అధ్యాయమున గలదు: మృతులు లేతురను నిరీక్షణ నాకు గలదు, నా జనమునకు దానద్రవ్యము తెచ్చితిని. రెండింటిని నొకే వాఙ్మూలమున జేర్చెను. ఫేలిక్సు విచారణను వాయిదావేసి, ఖైదీ లంచమిచ్చునను నాసతో పలుమారులు పిలిపించి మాటలాడుచు రెండేండ్లు గడిపి, తనకు బదులుగా పోర్కియు ఫేస్తు వచ్చినప్పుడు అతనిని చెరసాలలోనే విడిచిపోయెను.