జిల్లా ఒక్క రోజులో మారింది. మరి మనుషులు?

మాది చింతలపూడి. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతవరకూ ప్రతి అప్లికేషన్‌లోనూ పశ్చిమ గోదావరి జిల్లా అని రాసిన మేం, ఆ రోజు నుంచి ఏలూరు జిల్లా అని రాస్తున్నాం. మాకు మారింది ఆ పేరే. కలెక్టరాఫీసు అదే ఏలూరు, ఎక్కే బస్సూ అదే.

తాడేపల్లిగూడెం వాళ్ల సంగతి తిరగేసి ఉంది. వాళ్లకి పాత పేరే మిగిలింది, జిల్లా కేంద్రం మాత్రం భీమవరం అయింది. కైకలూరు, నూజివీడు వాళ్లు కృష్ణా జిల్లా వదిలి ఏలూరు జిల్లాలోకి వచ్చారు.

మిత్రులారా, మేనేజ్‌మెంట్ సబ్జెక్టులో మనం బట్టీ పట్టే 'చేంజ్ మేనేజ్‌మెంట్' పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

విలియం బ్రిడ్జెస్ అనే అమెరికన్ రచయిత ఒక తేడా చెప్పాడు. మార్పు వేరు, ఆ మార్పుకి మనిషి అలవాటు పడటం వేరు. మొదటిది బయట జరుగుతుంది, దానికో తేదీ ఉంటుంది. రెండోది లోపల జరుగుతుంది, దానికి తేదీ ఉండదు. అందులో మూడు దశలున్నాయన్నాడు: పాతది వదులుకోవడం, అటూ ఇటూ కాని మధ్యకాలం, కొత్తది మొదలుపెట్టడం.

ఏలూరులో ఇల్లు కట్టుకుని, పిల్లల్ని అక్కడే చదివిస్తున్న ఒక సీనియర్ అసిస్టెంట్‌ని ఊహించుకోండి. ఆయన్ని భీమవరం ఆఫీసుకి కేటాయించారు. జీతం అదే, పనీ అదే. కానీ పక్క సీటు స్నేహితుడు లేడు, ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పే ధీమా లేదు. ఆయన విసుక్కుంటే "మార్పంటే ఇష్టం లేదు" అనేస్తాం. నిజానికి ఆయన బాధ కొత్తదాని మీద కోపం కాదు, పోయినదాని మీద బెంగ. ముందు దాన్ని ఒప్పుకోవాలి. ఇది మొదటి దశ.

మధ్యకాలం ఇంకా కష్టం. అప్పట్లో ఉద్యోగులను 'ఆర్డర్ టు సర్వ్' పద్ధతిలో, అంటే తాత్కాలికంగా, కొత్త జిల్లాలకు పంపారు. జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్తులు మాత్రం పాత ఉమ్మడి జిల్లాలవే కొనసాగాయి. ఇలాంటప్పుడు "నేను ఏ జిల్లా ఉద్యోగిని? నా సీనియారిటీ ఎక్కడ?" అనే ప్రశ్నలు రావడం సహజం. జవాబు పైనుంచి రాకపోతే టీకొట్టు దగ్గర పుకారుగా పుడుతుంది. అందుకే పైవాళ్లు తెలిసింది తెలిసినట్టు చెప్పాలి, ఇంకా తేలనిది తేలలేదని కూడా చెప్పాలి. ఏం మారుతుందో చెప్పినంత స్పష్టంగా ఏం మారదో చెప్పాలి.

ముందుగా అడగడమూ ముఖ్యమే. 2022 జనవరిలో ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజులు గడువిచ్చారు. అడిగినవన్నీ జరగవు. కానీ నా మాట ఎవరో విన్నారనుకున్న మనిషి తొందరగా సర్దుకుంటాడు.

మూడో దశకి చిన్న విజయాలు కావాలి. కైకలూరు రైతుకి కొల్లేరు దాటితే ఏలూరు. మచిలీపట్నం కంటే దగ్గర. అతని పని ఒక్క పూటలో అయిపోయిన రోజున, ఆ పని చేసిపెట్టిన ఉద్యోగికి ఈ మార్పు ఎందుకో ఎవరూ లెక్చరివ్వక్కర్లేదు.

రేపు మనం ఉద్యోగాల్లో చేరతాం. కంపెనీలు కలుస్తాయి, టీములు విడిపోతాయి, సాఫ్ట్‌వేర్ మారుతుంది. ఆ కొత్త సాఫ్ట్‌వేర్ రాసేది బహుశా మనమే. పాతికేళ్లుగా రిజిస్టరులో రాస్తున్న ఒక పెద్దాయన మన స్క్రీన్ ముందు తడబడితే "ఇంత ఈజీ కదా సార్" అనకండి. ఆయనకి ఈజీగా ఉన్నది మనం తీసేశాం. పక్కన కుర్చీ వేసుకుని, పాత పద్ధతిలో ఏది బాగుండేదో ముందు అడగండి. మన డిజైన్‌లో లోపం చాలాసార్లు ఆ జవాబులోనే దొరుకుతుంది.