తూలిపడే ముసలి కుక్కకు పరీక్ష తెలిసిన డాక్టర్ కావాలి

బైపీసీ చదివి వెటర్నరీకి వెళ్దామనుకునే పిల్లల్లో చాలామంది పశువుల ఆసుపత్రి, ప్రభుత్వ ఉద్యోగం దగ్గరే ఆగిపోతారు. ఆ ఉద్యోగం మంచిదే. అయితే పట్నాల్లో ముసలి కుక్కలకు వచ్చే నరాల జబ్బులను చూడగలిగే డాక్టర్ల అవసరమూ బాగా ఉంది.

నిన్నటిదాకా బాగున్న ముసలి లాబ్రడార్ పొద్దున్నే లేవబోయి ఒక పక్కకు పడిపోతుంది. తల వాలిపోతుంది, కనుగుడ్లు ఆగకుండా కొట్టుకుంటాయి, వాంతులవుతాయి. ఇంట్లోవాళ్లు పక్షవాతమని భయపడి, ఇంజెక్షన్ ఇచ్చి బాధ తప్పించమంటారు. చాలాసార్లు అది లోపలి చెవిలో బ్యాలెన్స్ దెబ్బతినడమే. దాన్ని వెస్టిబ్యులార్ డిసీజ్ అంటారు. కారణం తెలియకుండా ముసలి వయసులో వచ్చే రకమైతే సాధారణంగా మూడు రోజుల్లో తెరిపిన పడుతుంది, రెండు మూడు వారాల్లో నడుస్తుంది. తల కాస్త వంకరగా ఉండిపోవచ్చు, అంతే.

మెదడులో గడ్డ ఉంటే కథ వేరు. అందుకే డాక్టర్‌కు నరాల పరీక్ష చేయడం రావాలి. కుక్కను పట్టుకుని నిలబెట్టి, పాదాన్ని మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. నరాలు సరిగా ఉంటే వెంటనే సరిచేసుకుంటుంది. మడిచిన పాదం మీదే ఉండిపోయినా, కనుగుడ్లు పైకీ కిందికీ కొట్టుకున్నా మెదడును అనుమానించాలి. చెవిలో చీము ఉందేమో చూడాలి. వాడిన మందులు అడగాలి. మెట్రోనిడజోల్ మోతాదు మించినా కుక్కలు ఇలాగే తూలుతాయి. ఎమ్మారై అవసరమా కాదా అన్నది కూడా ఈ పరీక్షే చెబుతుంది. ఈ పది నిమిషాల ఓపికే కొన్ని ప్రాణాలు నిలబెడుతుంది.

ఇక చదువు. పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అండ్ ఏహెచ్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద, తెలంగాణలో రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద కాలేజీలున్నాయి. ఆలిండియా కోటా 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతో వస్తాయి. మిగతావాటికి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. తర్వాత రెండేళ్ల ఎంవీఎస్సీలో మెడిసిన్ గానీ, సర్జరీ అండ్ రేడియాలజీ గానీ తీసుకుంటే నరాల కేసులు చూసే అవకాశం ఎక్కువ. అమెరికాలో ప్రాక్టీస్ చేయాలనుకునేవాళ్లు అక్కడి లైసెన్స్ కోసం నావ్లే పరీక్ష రాయాలి, విదేశీ డిగ్రీల గుర్తింపు ప్రక్రియా పూర్తి చేయాలి. న్యూరాలజీ స్పెషలిస్టు కావాలంటే ఆపైన రెసిడెన్సీ.

అంతకాలం చదవలేనివాళ్లకు పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. దాంతో డాక్టర్ కాలేరు గానీ, సహాయకులుగా పనిచేయొచ్చు. పడిపోయిన కుక్కను రోజంతా పక్క మార్చి పడుకోబెట్టి, చేత్తో నీళ్లు తాగించి, టవల్ కట్టి నడిపించే మనిషి లేకపోతే డాక్టర్ రాసిన మందు సగమే పనిచేస్తుందని నా నమ్మకం.

ఇష్టం ఉందనుకుంటే ఈ సెలవుల్లోనే దగ్గర్లోని పెట్ క్లినిక్‌లో అనుమతి అడిగి కొన్నాళ్లు కూర్చోండి. వాంతులు, మూత్రం శుభ్రం చేయడానికి వెనకాడకపోతే అప్లికేషన్ పెట్టండి.