పారిస్ కాటకూంబ్స్, పేర్ లాషేజ్: చేయవలసినవి, చేయకూడనివి

పారిస్ నేలకింద సుమారు 20 మీటర్ల లోతున, పాత సున్నపురాతి గనుల్లో, దాదాపు 60 లక్షల మంది అస్థికలున్న చోటు కాటకూంబ్స్. పేర్ లాషేజ్ 1804లో మొదలైన 44 హెక్టార్ల శ్మశానవాటిక. ఒకే రోజు రెండూ చూసేవారు ఈ సూచనలు తప్పక పాటించండి.

చేయవలసినవి

- రెండూ తెరిచి ఉన్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకోండి. కాటకూంబ్స్‌కు సోమవారం సెలవు.
- కాటకూంబ్స్ టికెట్ ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోండి.
- గుండె జబ్బు, ఆస్మా, మోకాళ్ల నొప్పులు ఉంటే డాక్టరును అడిగాకే దిగండి. 131 మెట్లు దిగాలి, 112 ఎక్కాలి.
- ఎండాకాలమైనా స్వెటర్ వెంట ఉంచుకోండి. లోపల ఏడాది పొడవునా 14 డిగ్రీలే.
- జారని బూట్లు వేసుకోండి. సొరంగంలో నేల తడి, శ్మశానంలో రాతిబాటలు ఎగుడుదిగుడు.
- దిగకముందే టాయిలెట్‌కు వెళ్లి రండి.
- మెట్ల మీద చేతులు ఖాళీగా ఉంచుకోండి, ఫోను జేబులో పెట్టండి.
- పిల్లలను చెయ్యి పట్టుకుని నడిపించండి. 14 ఏళ్లలోపు వారిని పెద్దలు లేనిదే రానివ్వరు.
- విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోండి. దిగిన వీధిలో కాక వేరే వీధిలో పైకి వస్తారు.
- కాటకూంబ్స్ నుంచి పేర్ లాషేజ్‌కు వెళ్లడానికి డాన్ఫేర్ రోష్రోలో మెట్రో 6వ లైను ఎక్కి, నాసియోన్‌లో 2వ లైనుకు మారండి.
- మెట్రోలో సంచిని ఛాతీ మీదికి తెచ్చుకోండి, జేబుదొంగలు ఎక్కువ.
- శ్మశానంలో డివిజన్ నంబర్లున్న మ్యాపు దగ్గర ఉంచుకోండి. గాయకుడు జిమ్ మారిసన్ సమాధి 6వ డివిజన్, రచయిత ఆస్కార్ వైల్డ్‌ది 89వ డివిజన్.
- ఎవరైనా పడిపోతే వెంటనే 112కు ఫోన్ చేయండి.

చేయకూడనివి

- ఖాళీ కడుపుతో దిగకండి. మెట్లెక్కేటప్పుడు కళ్లు తిరుగుతాయి.
- మూసిన సొరంగాల్లోకి వెళ్లకండి. 2017లో ఇద్దరు టీనేజర్లు దారితప్పి మూడు రోజులు చీకట్లో చిక్కుకున్నారు.
- మ్యాన్‌హోల్ దారిన తీసుకెళ్తామనేవారి వెంట పోకండి. అలా దిగడం 1955 నుంచి నిషేధం.
- ఎముకలను తాకకండి, పాతబడి పెళుసెక్కాయి.
- ఎముక ముక్కనైనా వెంట తెచ్చుకోకండి, అది నేరం.
- ఫ్లాష్, ట్రైపాడ్ వాడకండి.
- సూట్‌కేసు తీసుకురాకండి, లోపలికి రానివ్వరు.
- సమాధుల మీద ఎక్కకండి, శిలువలకు ఆనుకోకండి. పాత రాళ్లు కదిలి మీద పడతాయి.
- ఆస్కార్ వైల్డ్ సమాధిని ముద్దాడకండి. లిప్‌స్టిక్ మరకలు రాతిని పాడుచేస్తుంటే 2011లో చుట్టూ గాజు తెర కట్టారు.
- అంత్యక్రియలకు వచ్చినవారి దారికి అడ్డు నిలవకండి, వారి ఫొటోలు తీయకండి. పేర్ లాషేజ్ ఇప్పటికీ వాడుకలో ఉన్న శ్మశానం.
- గాలి పెద్దదైతే చెట్ల కింద ఆగకండి. ముసలి చెట్ల కొమ్మలు విరుగుతాయి.
- మూసే వేళ వరకు శ్మశానంలోనే తిరగకండి. గేటు దాకా నడక చాలా ఉంటుంది.