దూరం ఎవరు కొలిచారో కూడా రాయి

చి. బుజ్జికి,


తెలుగు వికీపీడియాలో గెలాక్సీల మీద వ్యాసాలు మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. నీ వాడుకరి పేజీ కూడా చూశాను. ఏడాదిలో వెయ్యి గెలాక్సీ పేజీలు పెడతానని రాసుకున్నావు. ఆ ముక్క మీదే ఈ ఉత్తరం.

వెయ్యి పేజీలు పెట్టడం కష్టమేమీ కాదు. డ్రేయర్ 1888లో అచ్చువేసిన ఎన్‌జీసీ అనే ఆకాశవస్తువుల పట్టికలోనే 7,840 అంశాలున్నాయి. ఒక నమూనా తయారుచేసుకుని పేరు, నక్షత్రరాశి, దూరం మార్చుకుంటూ పోతే వెయ్యి దాటడానికి ఏడాది కూడా అక్కర్లేదు. "ఫలానా ఎన్‌జీసీ ఫలానా నక్షత్రరాశిలో ఉన్న సర్పిలాకార గెలాక్సీ" అని ఒక వాక్యం, పక్కన ఒక సమాచారపెట్టె. వెతుక్కుంటూ వచ్చినవాడికి దక్కేదేముంది? మన తెవికీలో ఒకప్పుడు ఊళ్ళ పేజీలు బాటు అనే ప్రోగ్రాముతో ఇలాగే వేలకొద్దీ పుట్టాయి. ఊరి పేజీకైతే ఆ ఊరివాడెవడో ఎప్పుడో వచ్చి చెరువు సంగతో, గుడి సంగతో చేరుస్తాడన్న ఆశ ఉంది. ఎన్‌జీసీ గెలాక్సీకి ఏ ఊరివాడు వస్తాడు?

అందుకని వెయ్యి మానేసి పది రాయమంటాను. ఆ పదింటిలో ఏ అంకె రాసినా, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో రాబట్టారో వెంటనే చెప్పు.

ఆండ్రోమెడా గెలాక్సీనే తీసుకో. పర్షియా పండితుడు అల్ సూఫీ 964లోనే దాన్ని చిన్న మేఘంగా నమోదు చేశాడు. మెస్సియే తన పట్టికలో 31వ అంకె ఇచ్చాడు. 1920 ఏప్రిల్లో వాషింగ్టన్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు షాప్లీ, కర్టిస్ ఎదురెదురుగా వాదించిన నాటికి కూడా ఇలాంటి మేఘాలు మన పాలపుంత లోపలివో బయటివో తేలలేదు. 1923 అక్టోబరులో మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల దూరదర్శినితో ఖగోళ శాస్త్రజ్ఞుడు హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్ తారను పట్టుకున్నాడు. ఈ జాతి తారల వెలుగు ఒక క్రమంలో పెరిగి తగ్గుతుంటుంది. ఆ చక్రం ఎంత నెమ్మదిగా తిరిగితే తార అసలు కాంతి అంత ఎక్కువ. హెన్రియెటా లీవిట్ 1912లో నిలబెట్టిన సూత్రం ఇది. అసలు కాంతి తెలిసి, మన దాకా ఎంత వచ్చిందో కూడా తెలిస్తే మధ్య దూరం లెక్కకు అందుతుంది. హబుల్‌కు సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది. పాలపుంత బయటిదని తేలిపోవడానికి ఆ అంకె చాలు. కానీ సెఫీడ్లలో రెండు రకాలున్నాయని 1952లో వాల్టర్ బాడే బయటపెట్టేసరికి ఆ దూరం రెట్టింపయింది. ఇవాళ మనం 25 లక్షలంటున్నాం.

ఉత్త 25 లక్షలు మాత్రమే రాస్తే పదో తరగతి పిల్లవాడు దాన్ని బట్టీ పడతాడు. ఈ కథంతా రాస్తే, తొమ్మిది ఇరవైఅయిదు ఎలా అయిందని అడుగుతాడు. నీ వ్యాసం ఆ పిల్లవాడి కోసమే అనుకో. ఇంగ్లీషు బాగా చదవగలిగినవాడికి వేరే పేజీలు బోలెడున్నాయి.

ఇంకో లాభమూ ఉంది. ఆండ్రోమెడా, పాలపుంత సుమారు 400 కోట్ల ఏళ్ళలో ఢీకొంటాయని 2012లో హబుల్ టెలిస్కోపు కొలతలతో ప్రకటించారు. ఢీకొనక తప్పదన్నట్టే అందరూ రాసేశారు. 2025లో వచ్చిన మరో పరిశోధన చుట్టుపక్కల గెలాక్సీల ఆకర్షణను కూడా లెక్కలోకి తీసుకుని, రాబోయే 1,000 కోట్ల ఏళ్ళలో అవి కలిసే అవకాశం దాదాపు సగం సగమేనంది. "2012 నాటి లెక్క ప్రకారం" అన్న మాట ముందు పెట్టి రాసిన వాక్యం ఇవాళ్టికీ నిజమే. ఆ మాట వదిలేసిన వాక్యాన్ని ఎవరో ఒకరు వెళ్ళి కొట్టెయ్యాలి.

బాగా దూరపు గెలాక్సీల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూపించిన ఒక గెలాక్సీ కాంతి మన దగ్గరికి రావడానికి దాదాపు 1,350 కోట్ల ఏళ్ళు పట్టింది. వెంటనే "1,350 కోట్ల కాంతి సంవత్సరాల దూరం" అని రాసేస్తారు. కాంతి దారిలో ఉండగానే విశ్వం వ్యాకోచించింది. ఆ గెలాక్సీ ఇప్పుడున్న దూరం 3,300 కోట్ల కాంతి సంవత్సరాల పైమాటే. రెండూ సరైనవే, కానీ ఏది ఏదో చెప్పకపోతే చదివేవాడు తికమకపడతాడు. అన్నట్టు, మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు అని చీటీ రాసి తెరకి అంటించుకో. ఎంత చదువుకున్నవాళ్ళకైనా ఇక్కడ సున్నాలు జారిపోతాయి.

అనువాద పరికరం వాడుకో, తప్పులేదు. అది ఇచ్చింది ఇచ్చినట్టు మాత్రం ప్రచురించకు. మీ అమ్మకు చదివి వినిపించి, ఆమె "ఏమన్నావు?" అన్నచోటల్లా దిద్దు. ఏ వ్యాసం నుంచి అనువదించావో దిద్దుబాటు సారాంశంలో చెప్పడం మర్యాదే కాదు, లైసెన్సు నియమం కూడా. బొమ్మలు వికీమీడియా కామన్స్‌లో దొరుకుతాయి.

కార్తీకంలో అమావాస్య దగ్గర పడ్డాక ఊరికి రా. దీపాలు లేని చోట రాత్రి తొమ్మిదింటికి తలెత్తితే ఆండ్రోమెడా మసక మరకలా కంటికే కనిపిస్తుంది. రాసే వస్తువును ఒకసారి చూసి ఉండటం మంచిది. చూసిన సంగతి మాత్రం వ్యాసంలో పెట్టకు, మూలం ఏదని అడుగుతారు. ఆ అడిగేవాళ్ళ మీద అలగకు కూడా. చర్చ పేజీలో జవాబివ్వు, తేలకపోతే అందరూ చర్చించే రచ్చబండ పేజీకి తీసుకెళ్ళు.

ఆండ్రోమెడా పూర్తయ్యాక ఎం87 గెలాక్సీ చేపట్టు. దాని నడిమి కృష్ణబిలం బరువును వాయువు కదలికలను బట్టి కట్టినవాళ్ళకు 350 కోట్ల సూర్యులంత వచ్చింది. నక్షత్రాల కదలికలను బట్టి కట్టినవాళ్ళకు 660 కోట్లు వచ్చింది. 2019 ఏప్రిల్లో విడుదలైన ఆ కృష్ణబిలం ఛాయాచిత్రం 650 కోట్లని చెప్పి రెండోవాళ్ళ పక్షాన నిలిచింది. మూడు అంకెలూ రాయి, మూడింటికీ మూలాలు పెట్టు. చిత్తుప్రతి నీ వాడుకరి ప్రయోగశాల పేజీలో ఉంచి నాకు లింకు పంపు. మూలాలు నేను ఒక్కొక్కటే తెరిచి సరిచూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న